పెద్దమనిషి ఫంక్షన్ వద్దని పాప ఏడుస్తోంది, ఏం చేయాలి?

అమ్మా,

మీరు రాసింది రెండుసార్లు చదివాను. పాపకి పన్నెండేళ్లు, ఏడో తరగతి, నాలుగు రోజుల క్రితం పెద్దమనిషి అయింది. పదకొండో రోజున ఘనంగా ఫంక్షన్ చేయాలని మీ అత్తగారు పట్టుబట్టారు. మీ ఆయన కల్యాణమండపానికి అడ్వాన్స్ ఇచ్చేశారు. మీ తమ్ముడు ఫ్లెక్సీకి ఫొటో పంపమని ఫోన్ మీద ఫోన్ చేస్తున్నాడు. పాపేమో "అందరికీ తెలిసిపోతుంది, ఇంక నేను స్కూల్‌కి వెళ్లను" అని ఏడుస్తోంది. చేస్తే పాపకి బాధ, మానేస్తే అత్తగారికి బాధ, ఎవరి మాట వినాలని అడిగారు.

పాప మాట వినండి. పదకొండో రోజు ఫంక్షన్ ఆపేయండి, అడ్వాన్స్ పోతే పోనివ్వండి. అసలు వేడుకే వద్దని కాదు నేననేది. ఆ రోజున, ఆ పేరుతో, పిల్ల ఏడుస్తుండగా వద్దు. తర్వాత ఎలా చేసుకోవచ్చో చెప్తాను.

జిల్లా పరిషత్ హైస్కూళ్లలో 27 ఏళ్లు జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాను. ఇప్పటికీ స్కూళ్లలో ఆడపిల్లలతో మాట్లాడటానికి పిలిస్తే వెళ్తుంటాను. ఒక మండల కేంద్రంలో పనిచేసినప్పుడు ఎనిమిదో తరగతిలో ఒక పాప ఉండేది. బొమ్మలు ఎంత చక్కగా గీసేదంటే, మందార పువ్వు నిలువుకోత నేను బోర్డు మీద వేసినదానికన్నా ఆమె నోట్సులోదే శుభ్రంగా ఉండేది. ఉన్నట్టుండి పన్నెండు రోజులు రాలేదు. ఈలోగా బస్టాండ్ సెంటర్‌లో ఫ్లెక్సీ కట్టారు. పట్టుచీర, వడ్డాణం, పూలజడ, చుట్టూ ఊరి నాయకుల ఫొటోలు, కింద పెద్ద అక్షరాలతో "పుష్పవతి అయిన శుభసందర్భంగా". మా స్కూల్ మగపిల్లల్లో సగంమంది రోజూ దాని కిందనుంచే నడిచొచ్చేవాళ్లు. ఆమె తిరిగొచ్చిన రోజు చేతుల గోరింటాకు ఇంకా ఎర్రగానే ఉంది. ఎప్పుడూ ముందు బెంచీలో కూర్చునే పిల్ల వెనక బెంచీకి వెళ్లి కూర్చుంది. నేను క్లాసులోకి వెళ్లేసరికి ఎవడో ఆ ఫ్లెక్సీ మీది మాటని బోర్డు మీద రాసిపెట్టాడు. నేను తుడుస్తుంటే వెనక నుంచి నవ్వులు. ఆమె తల వంచుకుని చున్నీ కొస వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. ఆ సంవత్సరం పూర్తయ్యేదాకా ఒక్కసారి కూడా చెయ్యెత్తి ప్రశ్న అడగలేదు.

వాళ్ల అమ్మానాన్నలు చెడ్డవాళ్లు కాదు. అప్పు తెచ్చి మరీ చేశారు, కూతురంటే అంత ప్రాణం. అందుకే నాకు ఆ సంగతి తలుచుకుంటే ఇప్పటికీ కడుపు తరుక్కుపోతుంది. అంత ప్రేమతో చేసిన పనిలో ఆ పిల్లని "నీకిది ఇష్టమేనా?" అని అడిగినవాళ్లు ఒక్కరూ లేరు.

ఈ వేడుక ఎందుకు వచ్చిందో మీరు తెలుసుకుంటే అత్తగారితో మాట్లాడటం తేలికవుతుంది. పూర్వం కొన్ని కులాల్లో పిల్ల రజస్వల కాకముందే పెళ్లి అయిపోయేది. పెళ్లయినా పుట్టింట్లోనే ఉండేది. సమర్తాడితే అత్తవారింటికి కబురు పంపేవాళ్లు, ఆ తర్వాత పునస్సంధానం జరిపి కాపురానికి పంపేవాళ్లు. మిగతా కులాల్లో "మా ఇంట్లో పిల్ల పెళ్లికి ఎదిగింది" అని బంధువులకి, ముఖ్యంగా మేనరికం వరస ఉన్నవాళ్లకి తెలియజెప్పడమే ఈ వేడుక పని. మన దగ్గర మేనమామకీ పిల్లనిచ్చే ఆచారం ఉండేది కదా, మేనమామ చీర తేవడం వెనక ముద్దూమురిపెంతో పాటు ఆ వరస కూడా ఉంది. అంటే ఆ రోజుల్లో ఈ కబురుకి ఒక పని ఉండేది, ఆ పని పెళ్లి.

తర్వాత చట్టాలు మారాయి. 1929లో శారదా చట్టం ఆడపిల్ల పెళ్లి వయసు 14 అంది, 1978లో దాన్ని 18కి పెంచారు. మీ పాపకి పెళ్లి మాట ఎత్తడానికే ఇంకా ఆరేళ్లు ఉంది. మరి ఐదొందల మందికి ఇప్పుడు ఈ కబురు దేనికి? ఇదేదో పాత కాలం సంగతి అనుకోకండి. 2019-21లో జరిగిన ఐదో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, 20 నుంచి 24 ఏళ్ల స్త్రీలలో 18 నిండకముందే పెళ్లయినవాళ్లు ఆంధ్రప్రదేశ్‌లో 29.3 శాతం, తెలంగాణలో 23.5 శాతం. ఫంక్షన్‌లో అక్షింతలు వేస్తూనే "పదో తరగతి అయ్యాక మా వాడికి అడుగుతాం" అన్న మాట నేను నా చెవులతో విన్నాను. ఆ పిల్ల పక్కనే పీట మీద కూర్చుని ఉంది.

అలాగని ఆ పాత పద్ధతిలో మంచే లేదని నేననను. నేను 1975లో మా అమ్మమ్మగారి ఊళ్లో ఉన్నప్పుడు పెద్దమనిషినయ్యాను. కబురు తెలియగానే మా అమ్మమ్మ రోలు కడిగి నువ్వులు, బెల్లం వేసి చిమ్మిలి దంచింది. ఆ రోటి చప్పుడు, ఆ వాసన నాకింకా గుర్తే. మేనత్తలు వచ్చి జడ వేశారు, పాటలు పాడారు, పది రోజులు నాకు ఏ పనీ చెప్పలేదు. అంత గారాబం నేను ముందెప్పుడూ ఎరగను. కానీ నన్ను కూర్చోబెట్టింది వెనక వసారాలో, ఈతచాప మీద. గ్లాసు వేరు, కంచం వేరు. అమ్మమ్మ ఆ చిమ్మిలి ఉండని నా అరచేతిలో పెట్టలేదు, చెయ్యి తగలకుండా జానెడు పైనుంచి జారవిడిచింది. నన్ను ప్రాణంలా చూసుకునే మనిషి ఎందుకలా వదిలిందో అప్పుడు నాకు అర్థం కాలేదు. నాలో ఏదో చెడ్డది చేరిందనుకున్నాను. ఆ అనుమానం వదలడానికి నాకు చాలా ఏళ్లు పట్టింది.

కాబట్టి మీరు చిమ్మిలి చేయండి, సున్నుండలు చేయండి. మీ చేత్తో పాప నోట్లో పెట్టండి, పక్కన కూర్చుని తినిపించండి. ఎదిగే పిల్లకి నువ్వులు, మినుములు మంచి బలం. ఈ నాలుగు రోజులు రాత్రిపూట మీ పక్కనే పడుకోబెట్టుకోండి. మేనత్తలు, పిన్నులు ఇంటికొస్తే రానివ్వండి, పాపకి ఇష్టమైతే గోరింటాకు పెట్టించుకుంటుంది. ఇంత వరకు చాలు.

మీ అత్తగారు "మైల" అంటారని రాశారు. వాదనకి దిగకండి, ఆవిడకి తెలిసిన కథల్లోంచే మాట్లాడండి. నెలసరి మైల దోషం పోవాలని చేసే ఋషిపంచమి నోము ఆవిడ నోచుకున్నారన్నారు కాబట్టి భాగవతంలో వృత్రాసురుడి కథ కూడా తెలిసే ఉంటుంది. అందులో వృత్రుడు పుట్టకముందు, విశ్వరూపుణ్ణి చంపినందుకు ఇంద్రుడికి చుట్టుకున్న బ్రహ్మహత్యా పాపాన్ని భూమి, చెట్లు, నీళ్లు, స్త్రీలు తలా ఒక భాగం పంచుకున్నారు. చెట్టుకి బంకగా, నీళ్లకి నురుగుగా, స్త్రీకి నెలసరిగా అది వచ్చిందని కథ. ఒకరి పాపం తీర్చడానికి తమ మీద వేసుకున్నవాళ్లకి దణ్ణం పెట్టాలి కదా, వసారాలో ఎందుకు కూర్చోబెట్టాలని మా అమ్మమ్మనే ఒకసారి అడిగాను. ఆవిడ చాలాసేపు ఏమీ అనలేదు. ఆ తర్వాతి నెల మా చెల్లెలికి గ్లాసు వేరు పెట్టలేదు.

మన పిఠాపురం, ద్రాక్షారామం, శ్రీశైలం, అలంపురాలతో పాటు అష్టాదశ శక్తిపీఠాల్లో చెప్పుకునే అస్సాం కామాఖ్యలో ప్రతి ఏటా ఆషాఢంలో అంబుబాచి జరుగుతుంది. అమ్మవారికి నెలసరి అని మూడు రోజులు గుడి తలుపులు మూసి, నాలుగో రోజు తెరుస్తారు. లక్షలమంది వస్తారు, ఎర్రటి గుడ్డముక్కని ప్రసాదంగా కళ్లకద్దుకుని తీసుకెళ్తారు. మన పక్కనే ఉన్న ఒడిశాలో జూన్ నెల మధ్యలో రజ పండుగ చేస్తారు. భూదేవి రజస్వల అయిందని మూడు రోజులు నాగలి కట్టరు, మట్టి తవ్వరు. ఆడపిల్లలు కొత్తబట్టలు కట్టుకుని ఉయ్యాలలూగుతారు. ఆ మూడు రోజులు విశ్రాంతి భూమికి ఇచ్చే గౌరవం. మీ అత్తగారికి ఈ సంగతులు చెప్పండి. చదువుకున్న కోడలు పాఠం చెప్తున్నట్టు కాకుండా, పక్కన కూర్చుని కూర తరుగుతూ చెప్పండి.

ఫంక్షన్ గురించి ఆవిడతో ఇలా అనొచ్చు: "అత్తయ్యా, వేడుక మానేద్దామని కాదు. పాప ఇంకా చిన్నది, భయపడుతోంది. వచ్చే వేసవి సెలవుల్లో పాపకి ఇష్టమైన ఓణీ కొని మీ చేతుల మీదుగానే చేద్దాం. అప్పుడు తనే నవ్వుతూ కూర్చుంటుంది." చాలామంది పెద్దవాళ్లకి నిజంగా కావలసింది మనవరాలిని అలంకరించి నలుగురిలో చూసుకోవడం. నెల, తేదీ అంత పట్టింపు కాదు. డాలస్‌లో, న్యూజెర్సీలో ఉండే మనవాళ్లు ఓణీల ఫంక్షన్‌ని చాలావరకు మొదటి నెలసరితో ముడిపెట్టరు. హాల్ దొరికే తేదీ, ఇండియా నుంచి అమ్మమ్మ తాతయ్యలు వచ్చే టైమ్ చూసుకుని చేస్తారు. మన ఇళ్లల్లోనూ మగపిల్లలకి పంచెల ఫంక్షన్ చేస్తాం. ఆ కార్డులో పిల్లాడి ఒంట్లో వచ్చిన మార్పు గురించి ఒక్క ముక్క ఉండదు. ఆడపిల్ల కార్డు కూడా అలాగే ఉండాలి. ఓణీల వేడుక అని, పేరు, తేదీ, చోటు, అంతే.

ఫ్లెక్సీ మాత్రం అప్పుడు కూడా వద్దు. మీ తమ్ముడికి మీరే ఫోన్ చేసి గట్టిగా చెప్పండి. ఆ డబ్బుతో పాపకి సైకిల్ కొనిపెట్టమనండి. వీడియోలు, స్టేటస్‌లు కూడా పాపని అడక్కుండా ఎవరూ పెట్టకూడదని ముందే అనుకోండి. ఒకసారి ఫోన్లలోకి వెళ్లింది వెనక్కి రాదు.

నన్ను ఎక్కువగా బాధపెట్టేది ఇంకొకటుంది. పదకొండో రోజు మైకు పెట్టి ఊరంతా చెప్తాం. నెల తిరిగేసరికి అదే పిల్లని "ష్, నాన్న ఉన్నారు" అంటాం. మెడికల్ షాపులో ప్యాడ్ల ప్యాకెట్ అడిగితే న్యూస్‌పేపర్లో చుట్టి, నల్ల కవర్లో పెట్టి, ఎవరూ చూడకుండా చేతిలో పెడతారు. దగ్గు మందుకి ఆ కవర్ ఉండదు. పిల్ల అడగకుండానే ఒకసారి ఊరంతా చాటి, ఆ తర్వాత నలభై ఏళ్లు దాచుకోమంటున్నాం. చాటడం, దాచడం రెండిట్లోనూ పిల్ల ఇష్టానికి చోటు లేదు. ఎవరికి చెప్పాలి, ఎవరికి అక్కర్లేదు అనేది తను తేల్చుకోవాలి. స్నేహితురాలికి చెప్పుకుంటుందా, టీచర్‌కి చెప్తుందా, నాన్నతో మాట్లాడుతుందా, అది తన ఇష్టం.

టీవీ కూడా ఈ దాపరికాన్నే నేర్పింది. ఎన్నో ఏళ్లు ప్యాడ్ల యాడ్స్‌లో నీలం రంగు నీళ్లే పోసి చూపించారు. ఒకసారి ఏడో తరగతి అమ్మాయి నన్ను "మేడమ్, నాది ఎర్రగా ఉంది, ఏమైనా జబ్బా?" అని అడిగింది. అంతవరకు ఆమెకి ఎవరూ ఏమీ చెప్పలేదు, యాడ్ ఒక్కటే చూసింది. తర్వాత మెల్లగా మారుతూ వచ్చింది. 2014లో ఒక ప్యాడ్ల కంపెనీ నెలసరిలో ఆవకాయ జాడీ ముట్టుకోకూడదన్న లాంటి నమ్మకాల మీదే యాడ్ తీసింది, "పచ్చడి ముట్టుకో" అని. 2018లో, దేశమంతా ఆడవాళ్లు అడగ్గా అడగ్గా, ప్యాడ్ల మీద 12 శాతం జీఎస్టీ తీసేశారు. 2020 ఆగస్టు 15న ఎర్రకోట మీద నుంచి ప్రధానమంత్రి జనఔషధి షాపుల్లో రూపాయికి ప్యాడ్ దొరుకుతుందని చెప్పారు. ఆంధ్రప్రదేశ్‌లో 2021 అక్టోబర్‌లో 'స్వేచ్ఛ' పేరుతో ప్రభుత్వ స్కూళ్లు, కాలేజీల్లో ఏడు నుంచి ఇంటర్ దాకా చదివే ఆడపిల్లలకి నెలకి పది ప్యాడ్లు ఉచితంగా ఇవ్వడం మొదలుపెట్టారు. ఎర్రకోట మీద మాట్లాడిన విషయాన్ని మన వంటింట్లో గుసగుసగా మాట్లాడుకోవలసిన పనేముంది?

మీ బాబు "అక్క ఎందుకు విడిగా కూర్చుంది?" అని అడిగితే కసిరేశానని రాశారు. ఈ రోజే పిలిచి చెప్పండి. తొమ్మిదేళ్లవాడికి ఇంత చాలు: "పెద్దయ్యాక ఆడవాళ్ల కడుపులో పాపాయి కోసం నెలనెలా ఒక మెత్తటి పొర తయారవుతుంది. పాపాయి లేకపోతే అది రక్తంతో కలిసి బయటికొచ్చేస్తుంది. దెబ్బ కాదు, జబ్బు కాదు. అక్కకి కడుపునొప్పి వస్తే నువ్వు మంచినీళ్లు తెచ్చివ్వు." నేను ఎనిమిదో తరగతిలో కౌమారదశ పాఠాన్ని మగపిల్లల్ని, ఆడపిల్లల్ని కలిపి కూర్చోబెట్టే చెప్పేదాన్ని. మొదటి పది నిమిషాలు నవ్వులు, గుసగుసలు. తర్వాత ఒకబ్బాయి లేచి, "మా అమ్మ చలికాలం కూడా వరండాలోనే పడుకుంటది మేడమ్, లోపల పడుకుంటే ఏమవుద్ది?" అన్నాడు. ఏమీ అవ్వదన్నాను. వాడు కూర్చుని, వెంటనే మళ్లీ లేచి, "నిజంగా ఏమీ అవ్వదా?" అన్నాడు. మగపిల్లలకి చెప్పకపోతే వాళ్లు బోర్డు మీద రాసే పిల్లలవుతారు. చెప్తే ఇలా అమ్మ గురించి అడిగే పిల్లలవుతారు.

ఇక పాప ఒంటి సంగతి. "మూడో రోజు దాకా నీళ్లు పోసుకోకూడదు" అన్నది పట్టించుకోకండి, రోజూ గోరువెచ్చని నీళ్లతో స్నానం చేయించండి. ప్యాడ్ నిండినా నిండకపోయినా నాలుగు నుంచి ఆరు గంటలకోసారి మార్చుకోమనండి. గుడ్డ వాడితే సబ్బుతో ఉతికి ఎండలోనే ఆరేయాలి. మంచం కింద, తలుపు చాటున తడితడిగా ఆరేస్తేనే దురదలు, ఇన్ఫెక్షన్లు వస్తాయి. అక్కడ కూడా దాపరికమే జబ్బు తెస్తోంది. చూడటానికి చాలా రక్తం పోయినట్టు అనిపిస్తుంది కానీ ఒక నెలసరి మొత్తం కలిపి మామూలుగా 30, 40 మిల్లీలీటర్లు, అంటే రెండు మూడు పెద్ద చెంచాలు. ఈ మాట చెప్తే పిల్లలకి సగం టెన్షన్ తగ్గుతుంది. మొదటి రెండు మూడేళ్లు తేదీలు అటూఇటూ అవుతాయి. 21 రోజులకి వచ్చినా, 45 రోజులకి వచ్చినా కంగారు పడొద్దు, కేలెండర్ మీద చిన్న చుక్క పెట్టుకోవడం నేర్పండి. రక్తస్రావం ఏడు రోజులు దాటినా, గంటా రెండు గంటలకే ప్యాడ్ తడిసిపోతున్నా, నొప్పికి స్కూల్ మానేయాల్సి వస్తున్నా డాక్టర్‌కి చూపించండి. స్కూల్లో వారానికొకటి ఇచ్చే నీలం రంగు ఐరన్ మాత్ర తప్పకుండా వేసుకోమనండి, ఖాళీ కడుపుతో మాత్రం వద్దు. దేశంలో 15 నుంచి 19 ఏళ్ల ఆడపిల్లల్లో నూటికి 59 మందికి రక్తహీనత ఉంది. చిమ్మిలి ఒక్కదానితో అది తీరదు.

ఆవకాయ జాడీ ముట్టుకుంటే బూజు పడుతుందంటారు. బూజు పట్టేది తడి గరిటె వల్ల. పాప చేత పొడి గరిటెతో తీయించండి, జాడీ ఎలా ఉందో రెండు నెలల తర్వాత అత్తగారికే చూపించండి.

ఇంకొక్క సంగతి, ఇది మీకోసం కూడా. పన్నెండేళ్లప్పుడు "మైల", "పీడ" అని విన్న పిల్ల ముప్పై అయిదేళ్లకి అదే మాట తన ఒంటి గురించి అంటుంది. నాతో పనిచేసిన ఆయమ్మలు, వంట చేసేవాళ్లు ఎంతమందో "పిల్లలు పుట్టేశారుగా, ఇంకెందుకీ పీడ" అని గర్భసంచి తీయించేసుకున్నారు. కొందరికి నిజంగా అవసరమే, కాదనను. కానీ 2015-16లో జరిగిన నాలుగో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో ఈ ఆపరేషన్ అయినవాళ్లు దేశం మొత్తం మీద 3.2 శాతమైతే, ఆంధ్రప్రదేశ్‌లో 8.9, తెలంగాణలో 7.7. పేదరికం, డాక్టర్ల సలహాలు, ఇలా దీనికి చాలా కారణాలున్నాయి. చిన్నప్పటి నుంచి చెవిలో పోసిన ఆ మాటలు కూడా ఒక కారణమని నేను గట్టిగా నమ్ముతాను. కాబట్టి ఇంట్లో పాప ముందు ఆ మాటలు వాడకండి. "డేట్ వచ్చింది", "నెలసరి వచ్చింది" అని మామూలుగా అనండి, నాన్న ముందు కూడా. మీ ఆయన ఒకసారి మెడికల్ షాపుకి వెళ్లి, కవర్ అక్కర్లేదని చెప్పి, ప్యాకెట్ తెచ్చి పాప చేతికిస్తే, మీరు పది రోజులు చెప్పేదానికన్నా అది ఎక్కువ పనిచేస్తుంది.

పదకొండు రోజులు ఇంట్లో కూర్చోబెట్టాలన్న మాట కూడా వదిలేయండి. ఇప్పటికే నాలుగు రోజుల పాఠాలు పోయాయి. రేపు సాయంత్రం పాప స్నేహితురాలిని ఇంటికి పిలిచి నోట్సు తెప్పించండి, ఇద్దరికీ కలిపి టిఫిన్ పెట్టండి. ఆ పిల్లకి ఏం చెప్పాలో పాపే చెప్పుకుంటుంది, మీరు కాసేపు వంటింట్లో ఉండండి. ఎల్లుండి పొద్దున స్కూల్ బ్యాగ్‌లో చిన్న జిప్ పర్సు పెట్టండి, అందులో రెండు ప్యాడ్లు, ఒక లోదుస్తు, పాత పేపర్ ముక్కలు. క్లాస్ టీచర్‌కి ముందు రోజే ఫోన్ చేసి, మధ్యలో బాత్రూమ్‌కి వెళ్తానంటే ఎందుకని అడక్కుండా పంపమనండి. స్కూల్ బాత్రూమ్‌లో నీళ్లు వస్తాయో లేదో, లోపల గడియ పడుతుందో లేదో, చెత్త డబ్బా ఉందో లేదో కూడా అప్పుడే అడిగి తెలుసుకోండి.